60 టోకెన్లు తక్కువ: ఒక ఈవెంట్ ఫీడ్‌బ్యాక్ డైరీ

ఈవెంట్‌కి రెండు రోజుల ముందు

మాది ఫోన్ ఆట తయారుచేసే ముగ్గురి టీమ్. కోడూ సర్వరూ చూసేది ఒకడు, బొమ్మలు వేసేది ఒకావిడ. మిగతావన్నీ నావే: లెవెల్ డిజైను, స్టోర్ పేజీ, రివ్యూలకి జవాబులు, తిట్లు తినడం. ఆట పజిల్ రకం. ఒకే రంగు రాళ్ళు మూడు కలిస్తే పేలతాయి, పేలిన కొద్దీ పడవ ముందుకి కదులుతుంది. ఇన్నాళ్ళూ శని ఆదివారాల చిన్న ఈవెంట్లతో నెట్టుకొచ్చాం. 14 రోజుల ఈవెంట్ ఇదే మొదలు.

లెక్క ఇక్కడ రాసి పెడుతున్నా, తర్వాత ఎవరైనా అడిగితే వెతుక్కోనక్కర్లేకుండా. 6 నిమిషాలకి 1 ఎనర్జీ, అంటే రోజుకి 240. దాచుకోగలిగేది మాత్రం 100. అది నిండాక ఎంతసేపు వదిలేసినా పెరగదు. ఒక లెవెల్‌కి 20 ఎనర్జీ, గెలిస్తే 6 టోకెన్లు, ఓడితే ఎనర్జీ వెనక్కి వచ్చేస్తుంది. రోజువారీ పనులు మూడు, మూడూ చేస్తే 60 టోకెన్లు. 1500 టోకెన్లు పోగేసినవాళ్ళకి లాంతరు పడవ. ఈవెంట్ అయిపోతే మళ్ళీ దొరకదు.

ఎనర్జీ మొత్తం వాడితే రోజుకి 12 లెవెల్స్, 72 టోకెన్లు. పనులవి 60 కలిపితే 132. పన్నెండో రోజుకి పడవ చేతికొస్తుంది. రెండు రోజులు ఆడకపోయినా పర్వాలేదు. ఉదారంగానే పెట్టాం అనుకున్నాం ముగ్గురం.

ఇది కాక రోజుకో పెట్టె. తెరిస్తే నాలుగు రంగుల గాజుల్లో ఏదో ఒక ముక్క వస్తుంది. నాలుగు రంగులూ చేరితే పడవ ముందు వేలాడే దీపం తయారవుతుంది.

ఈవెంట్ ఉన్న అప్‌డేట్ రెండు స్టోర్లలోనూ ఇవాళ వదిలాం. ఆండ్రాయిడ్‌లో ఒకేసారి అందరికీ. ఐఫోన్‌లో దశలవారీగా. కొత్త కోడులో ఏదైనా పేలితే తక్కువమందికి తగలాలని సర్వర్ చూసేవాడి పట్టు. సరేనన్నాను. ఈ ఒక్క వాక్యం దగ్గరికి తర్వాత మళ్ళీ రావాల్సొచ్చింది.

రోజు 1

సర్వర్ నిలబడింది. అదే పెద్ద పండగ మాకు.

మొదటి గంటలో వచ్చిన సందేశాల్లో (మేం టికెట్లంటాం) సగం పైన ఒకటే మాట: "ఈవెంట్ ఎక్కడుంది? నాకు కనిపించట్లేదు." అప్‌డేట్ చేసుకోలేదన్నమాట. ఒక రెడీమేడ్ జవాబు రాసిపెట్టుకుని అతికించుకుంటూ పోయాను: స్టోర్‌కి వెళ్ళి కొత్త వెర్షన్ వేసుకోండి, ఈవెంట్ వస్తుంది. టికెట్ క్లోజ్. పది నిమిషాల్లో ముప్పై టికెట్లు క్లోజ్ చేసి, ఎంత పనిమంతుణ్ణో అని నాకు నేనే భుజం తట్టుకున్నాను.

గూగుల్ ప్లేలో రివ్యూకి డెవలపర్ ఇచ్చే జవాబు 350 అక్షరాలు దాటకూడదు. తెలుగులో రాసిన రివ్యూకి తెలుగులోనే జవాబు ఇద్దామని కూర్చుంటే ఈ హద్దు ఎంత ఇరుకో తెలిసింది. "స్త్రీ" మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే యూనికోడ్ లెక్కలో ఆరు: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం. "క్షమించండి, సమస్యను పరిశీలిస్తున్నాం" అనేసరికే ఖాతాలో ముక్కాలు మూడొంతులు ఖర్చయినట్టు అనిపిస్తుంది. ఒక రకంగా మంచిదే. మర్యాద ముక్కలన్నీ కొట్టేస్తే చివరికి విషయం ఒక్కటే మిగిలింది.

రోజు 3

పడవ బొమ్మ అందరికీ నచ్చింది. తెరచాప మీద లాంతరు వెలుగు కదులుతుంటే స్క్రీన్‌షాట్లు తీసి మరీ పంపిస్తున్నారు. బొమ్మలు వేసే ఆవిడకి అవన్నీ పంపాను. "బాగుందండీ" అని ఒక్క మాట రాసి ఊరుకుంది. మామూలుగా ఇలాంటివాటికి పేరా రాసే మనిషి. పనిలో ఉందేమో అనుకున్నా.

"ఈవెంట్ కనిపించట్లేదు" టికెట్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. అదే జవాబు, అదే క్లోజ్.

రోజు 6

ఇవాళంతా పెట్టెల గొడవ. "ఆరు పెట్టెలు తెరిచాను, నాలుగు ఎరుపే. మీ ర్యాండమ్ పాడైపోయింది." ఇలాంటివి ఇరవై దాకా ఉన్నాయి. కోడు చూసేవాడికి పంపితే అరగంటలో తిరిగొచ్చింది: "ర్యాండమ్ బాగానే ఉంది. నాలుగు రంగులూ సమానంగానే పడుతున్నాయి. బాగోలేనిది మన డిజైను."

నేను అనుకున్నది ఇది: నాలుగు రంగులు, 14 పెట్టెలు, ఎంత దురదృష్టవంతుడికైనా చాలవా? కాగితం మీద వేస్తే సగటున 8 చిల్లర పెట్టెలకి నాలుగు రంగులూ చేరతాయి. ఇంతవరకు నా ఊహ సరైనదే. కానీ సగటు ఒక మనిషి కాదుగా. 10 పెట్టెలు తెరిచినా సెట్ పూర్తి కానివాళ్ళు నూటికి 22 మంది ఉంటారు. ఒక్క రోజు కూడా మానకుండా 14 తెరిచినా నూటికి 7 మందికి ఏదో ఒక రంగు దొరకదు. అంటే ఏ తప్పూ చెయ్యకుండా, రోజూ వచ్చి ఆడినవాళ్ళలో ప్రతి పద్నాలుగు మందిలో ఒకరు దీపం లేని పడవతో మిగిలిపోతారు. అలా అవ్వాలని నేనేమీ కోరుకోలేదు. అవ్వకుండా ఏ ఏర్పాటూ చెయ్యలేదు, అంతే.

వాడు ఇంకో సంగతి గుర్తు చేశాడు. విడి ముక్కల్ని లాటరీలో ఇచ్చి, అన్నీ చేరితేనే అసలు బహుమతి ఇచ్చే పద్ధతిని జపాన్‌లో కొంపు గాచా అనేవాళ్ళు. 2012లో అక్కడి వినియోగదారుల వ్యవహారాల ఏజెన్సీ అది చట్టవిరుద్ధమని తేల్చింది. మొదట్లో ముక్కలు తేలిగ్గా చేరతాయి, చివరి ముక్క దగ్గరే జనం డబ్బు పోస్తారు. అందుకే అంత గట్టిగా పట్టుకున్నారు. మా పెట్టెలు డబ్బుకి అమ్మట్లేదు, ఆడితేనే వస్తాయి, కాబట్టి మాకు ఆ చిక్కు లేదు. అయినా ఆకారం అదే. తెలియకుండానే అదే గుంట తవ్వుకున్నాం.

"లేని రంగే ఇచ్చేస్తే, చివరి ముక్క కోసం ఎదురుచూడ్డంలో ఉన్న సరదా కూడా పోతుందేమో రా" అన్నాను.

"నాలుగో ఎరుపు చూసినవాణ్ణి అడుగు, ఎంత సరదాగా ఉందో" అన్నాడు.

రోజు 8

పరిష్కారం పెట్టాం: ప్రతి మూడో పెట్టెలో లేని రంగే వస్తుంది. కొత్త వెర్షన్ అక్కర్లేకుండా రిమోట్ కాన్ఫిగ్‌లో, అంటే ఆట సర్వర్ నుంచి తెచ్చుకునే విలువల్లో, ఒక అంకె మారిస్తే చాలు. మార్చి, ఆటలో నోటీసు కూడా పెట్టేశాం.

సాయంత్రానికి కొత్త గోల. "మా తమ్ముడి ఫోన్లో నోటీసు వచ్చింది, నాకు రాలేదు. వాడు ఎక్కువ కొంటాడని వాడికే ఇచ్చారా?" పక్కపక్కన కూర్చున్న ఇద్దరి ఫోన్లలో రెండు రకాల ఆట! కారణం చాలా చప్పగా ఉంది. మేం వాడే రెడీమేడ్ కోడు (లైబ్రరీ) సర్వర్ నుంచి కొత్త విలువల్ని మామూలుగా 12 గంటలకోసారే తెచ్చుకుంటుంది. తమ్ముడి ఫోన్ అప్పుడే తెచ్చుకుంది, అన్న ఫోన్ పొద్దున తెచ్చుకున్న పాత విలువతో తిరుగుతోంది. ఆ గడువు తగ్గించుకునే వీలు మొదట్నుంచీ ఉంది, మేమే ముట్టుకోలేదు.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఇంకోటి ఉంది. "12 గంటల్లో అందరికీ వస్తుంది" అని నోటీసులోనే రాసుంటే సరిపోయేది. రాయలేదు. చెప్పని చోట మనుషులు కథ అల్లుకుంటారు, ఆ కథలో మనం ఎప్పుడూ దొంగలమే. ఒకాయన ఏకంగా ఏ ఫోన్‌కి ఏ రంగు ఎక్కువ వస్తుందో పట్టిక తయారుచేసి పంపాడు. పట్టిక మాత్రం చాలా అందంగా ఉంది.

రోజు 12

టోకెన్ల ప్యాక్ షాపులో పెట్టాను. 100 టోకెన్లు, ఆటలోని వజ్రాలకి. వజ్రాలు ఆడి సంపాదించవచ్చు, డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. చివర్లో కొద్దిగా వెనకబడినవాళ్ళకి సాయంగా ఉంటుందని నా ఆలోచన. దీన్ని నిజాయితీగానే రాస్తున్నా: సాయం అనే మాట నేను నమ్మాను. అమ్మకాలు వస్తాయన్న సంగతీ తెలుసు. రెండూ ఒకే బుర్రలో హాయిగా ఇమిడిపోయాయి.

రోజు 13

తిట్ల తుఫాను. ఒక్క సందేశం, యథాతథంగా కాకుండా సారాంశంలో: నాకు 60 టోకెన్లు తక్కువ పడతాయి, మీరు 100 అమ్ముతున్నారు. 60 తక్కువ పడేలా ముందే లెక్క వేసుకున్నారు, పన్నెండో రోజు దాకా ఆడించి, ఇక వెనక్కి పోలేని స్థితిలో షాపు తెరిచారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మేమెక్కడ లెక్కేశాం? మేం వేసిన లెక్కలో రెండు రోజులు మిగులుతున్నాయిగా! జవాబు సగం టైప్ చేసి ఆగిపోయాను. ఎందుకంటే ఆ 60 అనే అంకె ఇంకో సందేశంలో కూడా ఉంది. ఇంకోదాంట్లో కూడా. ముక్కూ మొహం తెలియని మనుషులందరికీ సరిగ్గా 60 ఎందుకు తక్కువ పడుతుంది?

చివరి రాత్రి

ఈవెంట్ 14వ రోజు వరకు అని బ్యానర్ మీద తేదీ వేశాం. మా సర్వర్ రోజు మారేది యూటీసీ (ప్రపంచమంతా లెక్కకి వాడే ప్రామాణిక సమయం) అర్ధరాత్రికి. యూటీసీకి 8 గంటలు వెనక ఉన్నచోట ఆడేవాళ్ళకి ఆ తేదీ సాయంత్రం 4 గంటలకే ఈవెంట్ మూసుకుపోయింది. రాత్రి తీరిగ్గా ముగించుకుందామని కూర్చున్నవాళ్ళకి ఎదురైంది బూడిదరంగు బటన్. దీని గురించి ఎక్కువ రాయను. తేదీ తీసేసి "ఇంకా ఇన్ని గంటలు" అని పెడితే పోయే తప్పు. ఈ పాఠం ప్రతి ఆటా ఒకసారి నేర్చుకుంటుంది కాబోలు, మా వంతు వచ్చింది.

అయిపోయిన మర్నాడు

అన్ని సందేశాలూ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి దించాను. స్టోర్ రివ్యూలు, ఆటలోంచి వచ్చిన టికెట్లు, మెయిళ్ళు. ఒక్కోదానికీ ట్యాగ్: రివార్డ్, ఎనర్జీ, పెట్టెలు, బగ్, ధర, మెచ్చుకోలు. మధ్యాహ్నానికి చక్కటి పట్టీ చిత్రం తయారైంది. అన్నిటికన్నా పొడుగు పట్టీ "ఎనర్జీ చాలట్లేదు"ది. దాని తర్వాత "రివార్డ్ చాలా ఖరీదు". అయితే వచ్చేసారి ఎనర్జీ పెంచుదాం, 1500ని 1300 చేద్దాం. పని పూర్తయింది.

ఆ చిత్రాన్ని కాసేపు చూస్తూ కూర్చున్నాను. ఎక్కడో తేడాగా ఉంది. ఎనర్జీ గురించి రాసినవాళ్ళలో పడవ గెలిచినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు కూడా ఎనర్జీ చాలలేదనే రాశారు, పక్కన నవ్వుతున్న బొమ్మ పెట్టి. గెలవనివాళ్ళలో రెండు రకాలు. ఒకరు రెండు ముక్కల్లో "నాకు కుదర్లేదు, బొమ్మ బాగుంది" అని వెళ్ళిపోయారు. ఇంకొకరు స్క్రోల్ చేస్తే అయిపోనంత రాశారు. ట్యాగ్ మాత్రం ఇద్దరికీ ఒకటే, ఎనర్జీ.

పొడుగ్గా రాసినవి మొదటి నుంచి మళ్ళీ చదివాను. ఈసారి ఏం అడుగుతున్నారన్నది వదిలేసి, కోపం ఏ వాక్యంలో మొదలైందో చూశాను. ఒక్కొక్కటిగా పసుపు రంగు పూస్తే దాదాపు అన్నిట్లోనూ ఒకే రకం వాక్యానికి పడింది. "నిన్న లెక్కేసుకుంటే తెలిసింది." "పదకొండో రోజు దాకా వస్తుందనే అనుకున్నా." "ముందే తెలిసుంటే అసలు మొదలుపెట్టేవాణ్ణి కాదు."

స్ప్రెడ్‌షీట్‌లో కొత్త కాలమ్ చేర్చాను: ఎప్పుడు తెలిసింది? మెసేజ్‌లో ఆ ముక్క ఉన్నంతవరకు నింపుకుంటూ పోయాను. రెండో రోజే తెలిసినవాళ్ళు రెండు ముక్కలు రాశారు. పన్నెండో రోజు తెలిసినవాళ్ళు రెండు పేజీలు రాశారు. ఇద్దరికీ పోయింది ఒకే పడవ.

ఆ 60 సంగతి

సర్వర్ చూసేవాడు ఆఖరి టోకెన్ల లెక్కతో ఒక గ్రాఫ్ గీశాడు. 1500 దగ్గర పెద్ద గుట్ట, అది ఊహించిందే. దానికి కాస్త ఎడమ పక్కన, 1440 దగ్గర, ఎవరో చేత్తో పోసినట్టు ఇంకో చిన్న గుట్ట. 1260 దగ్గర ఇంకోటి.

బోర్డు మీద రాసుకున్నాం. దాచుకునే హద్దు 100. అది నిండడానికి 10 గంటలు. రోజుకి 240 ఎనర్జీ వస్తుందన్నది, నిండకముందే వచ్చి ఖర్చుపెట్టేవాడికి వర్తించే మాట. పొద్దునొకసారి, రాత్రొకసారి ఆట తెరిచే మనిషికి అందేది 200. పది లెవెల్స్, 60 టోకెన్లు, పనులవి 60, మొత్తం 120. ఆ మనిషికి 1500 చేరాలంటే 13 రోజులు కావాలి. అంటే వెసులుబాటు రెండు రోజులు కాదు, ఒక్క రోజే. మూడో రోజు మొదలుపెడితే? 12 రోజులు, 120 చొప్పున, 1440.

అరవై తక్కువ. ఒక్క రోజు పనులంత.

వాళ్ళు చెప్పింది నిజమే. లెక్క ముందే ఉంది. కాకపోతే దాన్ని కుట్ర చేసి ఎవరూ వెయ్యలేదు. నేను నా ఫోన్లో గంట గంటకీ ఆట తెరిచి, ఆ అలవాటునే లెక్కలో పెట్టాను. ఆట తయారుచేసేవాడిలా ఆడే మనిషి బయట ఉండడు.

మరి అంతమంది మూడో రోజు ఎందుకు మొదలుపెట్టారు? ఇక్కడ నా వీపు చల్లబడింది. క్లోజ్ చేసిన టికెట్లు తెరిచాను. "ఈవెంట్ కనిపించట్లేదు" అన్నవాళ్ళ డివైస్ కాలమ్ చూస్తే వరసగా ఐఫోన్లు. ఆండ్రాయిడ్ అక్కడక్కడా ఒకటి.

యాప్ స్టోర్‌లో దశలవారీ విడుదల పెడితే ఆటో అప్‌డేట్ ఉన్నవాళ్ళకి కొత్త వెర్షన్ 7 రోజుల మీద చేరుతుంది: 1 శాతం, 2, 5, 10, 20, 50, 100. మేం వదిలింది ఈవెంట్‌కి రెండు రోజుల ముందు. ఈవెంట్ మొదటి రోజున వాళ్ళలో అప్‌డేట్ అందాల్సినవాళ్ళు 5 శాతం. మూడో రోజుకి 20, నాలుగో రోజుకి సగం, ఐదో రోజుకి అందరూ. స్టోర్‌కి వెళ్ళి చేత్తో అప్‌డేట్ చేసుకుంటే వెంటనే వస్తుంది, నిజమే. నా రెడీమేడ్ జవాబు చెప్పింది అదే. కానీ అడిగినవాళ్ళకి కదా ఆ జవాబు! అడగకుండా ఫోన్ దానంతటదే చూసుకుంటుందని వదిలేసినవాళ్ళు?

ఐదో రోజున అందినవాళ్ళకి మిగిలింది 10 రోజులు. గంట గంటకీ ఆడి, ఒక్క చుక్క ఎనర్జీ వదలకుండా, రోజుకి 132 తెచ్చుకున్నా 1320. నిద్రపోకుండా ఆడినా పడవ రాదు. అలాంటివాళ్ళకి ఈవెంట్ తెరవగానే మేం చూపించిన బ్యానర్: "లాంతరు పడవ మీకోసం ఎదురుచూస్తోంది!"

మర్నాడు

1260 గుట్ట గురించి చెప్పలేదు కదూ. రోజుకి ఒక్కసారే తెరిచేవాళ్ళది అది. 100 ఎనర్జీ, ఐదు లెవెల్స్, 30 టోకెన్లు, పనులవి 60, రోజుకి 90. మొదటి రోజు నుంచి ఒక్క రోజు మానకుండా 14 రోజులు ఆడినా 1260. వాళ్ళకి మొదట్నుంచీ దారే లేదు.

బోర్డు మీద ఇది చూసి బొమ్మలు వేసే ఆవిడ మెల్లిగా అంది: "నేనూ రోజుకోసారే తెరుస్తానండీ. రాత్రి పిల్లలు పడుకున్నాక. మూడో రోజుకే అర్థమైంది నాకు పడవ రాదని."

"పడవ గీసిందే మీరు!"

"అందుకే కొంచెం బాధేసింది."

"మరి చెప్పలేదేంటండీ?"

"మీరు అడిగింది బొమ్మ ఎలా వచ్చిందని. చెప్పాను కదా, బాగుందని."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. బయటి నుంచి వచ్చిన సందేశాలన్నీ చదివి, ట్యాగులు వేసి, రంగులు పూసి నేను కనిపెట్టినది, పక్క కుర్చీలో మనిషికి మూడో రోజునే తెలుసు.

సర్దుబాటు గురించి వాదన

ఏదో ఒకటి ఇవ్వాలన్నది ముగ్గురికీ ఒప్పుదలే. ఏమిటన్నదే తగువు. 2017లో షికాగోలో పోకెమాన్ గో అనే ఫోన్ ఆట అభిమానుల పండగ, పోకెమాన్ గో ఫెస్ట్, జరిగినప్పుడు నెట్‌వర్కులు చేతులెత్తేస్తే, ఆ ఆట తయారుచేసిన నియాంటిక్ కంపెనీ టికెట్ల డబ్బు వెనక్కిచ్చి, తలో 100 డాలర్ల విలువైన ఆట నాణేలూ, లూగియా అనే అరుదైన పోకెమాన్‌నీ ఇచ్చింది. అంత దూరం వచ్చి వీధిలో నిలబడ్డ మనుషులకి ఏం పోయిందో అందరికీ కనిపిస్తూనే ఉంది, కాబట్టి ఇచ్చేది తేల్చుకోవడం తేలిక. మా దగ్గర పోయింది ఏమిటి? 12 రాత్రుల ఆట. దానికి వజ్రాల్లో ధర ఎంత కట్టాలి?

నేను 1400 దాటిన అందరికీ పడవ ఇచ్చేద్దామన్నాను. కోడు చూసేవాడు ససేమిరా అన్నాడు. 1390 దగ్గర ఉన్నవాడు ఏం పాపం చేశాడు? హద్దు ఎక్కడ గీసినా దానికి పది అడుగుల అవతల ఇంకో గుట్ట తయారవుతుంది. పైగా ఆ 100 టోకెన్ల ప్యాక్ కొన్నవాళ్ళు, ఒకరోజు ఆగితే ఊరికే వచ్చేదానికి ఖర్చుపెట్టించారని మీద పడతారు. గెలిచినవాళ్ళ నుంచి అప్పటికే ఒక సందేశం వచ్చి ఉంది: అందరికీ పంచిపెడితే మేం అలారం పెట్టుకుని లేచి ఆడింది ఎందుకు?

చివరికి తేలింది ఇది. ఈవెంట్ మళ్ళీ పెడతాం. పాత టోకెన్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, ఎవరు ఎక్కడ ఆగారో అక్కణ్ణుంచి మొదలు. 1440 దగ్గర ఆగినవాళ్ళకి ఒక్క రోజు పని. ప్యాక్ కొన్నవాళ్ళకి వజ్రాలు వెనక్కి, టోకెన్లు వాళ్ళ దగ్గరే. గెలిచినవాళ్ళ పడవ తెరచాప మీద మొదటిసారి గెలిచినట్టు ఒక చిన్న నక్షత్రం. నక్షత్రం ఐడియా ఆవిడది. నాకు మొదట చిన్నపిల్లల వ్యవహారంలా అనిపించింది. ప్రకటించాక వచ్చిన స్పందన చూస్తే, పడవ కన్నా ఆ నక్షత్రం మీదే మోజు ఎక్కువ.

రెండో విడత పనులు

అప్‌డేట్ ఈసారి ఈవెంట్‌కి రెండు వారాల ముందే స్టోర్లలో పెట్టాం, లోపల ఈవెంట్ మూసి ఉంచి. తెరిచేది సర్వర్. రిమోట్ కాన్ఫిగ్ గడువు గంటకి దించాం. తేదీల బదులు గడియారం.

అసలు మార్పు, 14 రోజులు ఎవరికి వాళ్ళవి. ఆట తెరిచి ఈవెంట్ మొదటిసారి చూసిన క్షణం నుంచి వాళ్ళ గడియారం మొదలవుతుంది. మొత్తం ఈవెంట్ నాలుగు వారాలు తెరిచి ఉంటుంది, అందులో మొదటి రెండు వారాల్లో ఎప్పుడు వచ్చినా పూర్తి 14 రోజులు దక్కుతాయి. దీనివల్ల స్నేహితుల పోటీ పట్టిక పోయింది. ఒకడి ఐదో రోజునీ ఇంకొకడి పదకొండో రోజునీ పక్కపక్కన పెట్టలేం. పట్టిక ఇష్టపడేవాళ్ళు ఉన్నారు, వాళ్ళు తిడతారు. ఆ తిట్లకి సిద్ధపడే తీసేశాం.

1200 దగ్గర కొత్త మెట్టు పెట్టాం: లాంతరు తెరచాప. రోజుకోసారి వచ్చేవాళ్ళు ఆఖరి రోజుకి అందుకోగలిగేది. టోకెన్ ప్యాక్ షాపులోంచి తీసేశాం. కావాలంటే మొదటి రోజు నుంచే ఉండాలి, లేదా అసలు ఉండకూడదు. ఉండకూడదన్నది నా ఓటు. అమ్మకాల అంకె చూసి సర్వర్ చూసేవాడు నిట్టూర్చాడు గానీ కాదనలేదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నది ఒక్క వాక్యం. ఈవెంట్ తెర మీద పడవ బొమ్మ కింద ఉండే వాక్యం. గత వారం రోజులుగా నువ్వు రోజుకి ఎన్నిసార్లు ఆట తెరుస్తున్నావో సర్వర్‌కి తెలుసు. దాన్నిబట్టి లెక్కేసి చెబుతుంది. మొదట నేను రాసింది: "ఇదే వేగంతో ఆడితే 13వ రోజుకి పడవ మీది." బాగుంది. మరి పాత టోకెన్లు లేకుండా మొదలుపెట్టి రోజుకోసారి తెరిచేవాళ్ళకి? "మరింత ఉత్సాహంగా ఆడండి!" అని రాశాను. ఆవిడ చదివి, "ఇది నాకు చెబుతున్నట్టా? నేను ఉత్సాహంగానే ఆడుతున్నానండీ, టైమే లేదు" అంది. కొట్టేశాను. "పడవ కష్టం కావచ్చు" అని రాశాను. "కావచ్చు ఏంటి, రాదుగా" అన్నాడు వాడు. చివరికి నిలిచింది:

"రోజుకి ఒకసారి ఆడితే 14వ రోజుకి 1260 టోకెన్లు వస్తాయి. తెరచాప దొరుకుతుంది, పడవ దొరకదు. పడవ కావాలంటే రోజుకి రెండుసార్లు, 13 రోజులు."

దీని మీద కూడా రెండు రోజులు కొట్టుకున్నాం. రాదు అని మొహం మీదే చెబితే మొదటి రోజే వెళ్ళిపోతారు, ఆట మూసేస్తారు, అని వాడి భయం. ఆ భయం తప్పని నేను ఇప్పటికీ అనలేను.

రెండో విడత, రోజు 1

"ఈవెంట్ కనిపించట్లేదు" టికెట్లు నాలుగు. నాలుగూ పాత ఫోన్లు, వెర్షన్ సమస్య. ఈసారి క్లోజ్ చేసే ముందు డివైస్ కాలమ్ చూశాను.

1440 దగ్గర ఆగినవాళ్ళు కొందరు గంటలోపే పడవ అందుకున్నారు. పదమూడో రోజు నన్ను తిట్టిన మనిషి కూడా అందులో ఉన్నాడు. ఏమీ రాయలేదు. పడవకి పేరు పెట్టుకునే వీలుంది ఆటలో, దానికి "అరవై" అని పేరు పెట్టాడు.

రెండో విడత, రోజు 2

రెండు స్టార్ల రివ్యూ ఒకటి వచ్చింది. పొట్టిగా ఉంది: మొదటి రోజే నాకు పడవ రాదని చెప్పేసింది ఈ ఆట, కనీసం రెండు రోజులు ఆశపడనివ్వాల్సింది, తెరచాప కోసం ఆడుతున్నాను.

కొత్త స్ప్రెడ్‌షీట్ తెరిచి ఉంది. "ఎప్పుడు తెలిసింది" కాలమ్‌లో 1 అని వేశాను. ట్యాగ్ గడి దగ్గర ఆగాను. ఫిర్యాదా, మెచ్చుకోలా? పక్కకి తిరిగి ఆవిడనే అడిగాను. చదివి నవ్వింది. "నేను రాసింది కాదండీ" అంది. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.